ఉలాయు కిటికీలో మంచు ఆకులు

పొద్దున్న లేవగానే ఉలాయు చేసే మొదటి పని టీకి నీళ్ళు పెట్టడం. రెండోది, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కాసేపు దగ్గడం. ముప్ఫై ఏళ్ళు సిగరెట్లు కాల్చిన ఛాతీకి ఆ మాత్రం దగ్గు ఉండదా అని ఆమె అనేది, ఊళ్ళోవాళ్ళూ నిజమే అనేవారు. టీ మరిగేసరికి జనం మొదలయ్యేవారు. సీల్ తోళ్ళు కుట్టుకునే ఆడవాళ్ళు, పేకాట ముసలాళ్ళు, ఇంట్లో చోటు చాలని పిల్లలు. తలుపు తట్టడం కెనడా ఉత్తరపు కొసనున్న ఆ ఊరి అలవాటు కాదు. బూట్లు విప్పి లోపలికి రావడమే.

వచ్చినవాళ్ళ ఊపిరి ఆ వంటింటి కిటికీ గాజు మీద మంచు ఆకులుగా పేరుకునేది. మనిషికో ఆకు. ఒకసారి పడిందంటే జూలై ఎండకైనా కరిగేది కాదు. ఇళ్ళ మరమ్మతులు చూసేవాళ్ళు ఒకసారి గాజు మార్చారు. మర్నాటికి ఆకులన్నీ కొత్త గాజు మీద ఉన్నాయి. వాళ్ళు సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు. పిల్లలు తమ ఆకు పెరిగిందో లేదో చూసుకునేవారు. భర్త పోయిన కూలా వారానికోసారి వచ్చి, అతని ఆకు పక్కన కూర్చుని టీ తాగి వెళ్ళేది.

ఆ చలికాలం ఊళ్ళో క్షయ బయటపడింది. క్రిస్మస్‌కి ముగ్గురు, ఫిబ్రవరికి పదకొండు మంది. ఎవరు తెచ్చారంటే అందరి వేళ్ళూ జైపిటీ వైపే లేచాయి. అతను ఉలాయు తమ్ముడి కొడుకు, ఆ పదకొండు మందిలో ఒకడు. ఒట్టావాలో నాలుగేళ్ళు ఉండి, చివరి ఏడాది వీధుల్లోనే గడిపి, రెండేళ్ళ కిందట తిరిగొచ్చాడు. పట్నం నుంచి సంచీలో ఇంకేం తెస్తాడని దుకాణం దగ్గర అతనికి వినపడేలాగే అన్నారు. వేటకు పిలవడం మానేశారు. మాత్రలు మింగి, అంటించే రోజులు దాటిపోయాక కూడా అతను ఎవరి గడపా తొక్కలేదు, మేనత్తది సైతం. శుక్రవారం విమానానికి టికెట్ తీసుకున్నాడని, ఈసారి వెళ్తే మళ్ళీ రాడని కబురు తెలిసింది.

క్షయ పరీక్షలు చూసే రీపా ఆ ఊరి పిల్లే. ఇల్లిల్లూ తిరిగింది. ఉలాయు మాత్రం రెండుసార్లు తప్పించుకుంది, ఒకసారి చేపల వంకతో, ఒకసారి నిద్ర వంకతో. ఆమెకు ఆరేళ్ళప్పుడు క్షయ వెతికే ఓ ఆస్పత్రి ఓడ వచ్చింది. అందరినీ ఎక్కించి ఛాతీ ఎక్స్‌రేలు తీశారు. పిల్లను దించారు, క్షయ ఉందని తల్లిని దించలేదు. దక్షిణాన ఏదో ఆస్పత్రిలో పోయిన ఆమెను ఎక్కడ పాతిపెట్టారో ఈనాటికీ తెలియదు.

బుధవారం రీపా మాస్కు పెట్టుకుని, చేతిలో ఒక కాగితంతో వచ్చింది. తిట్టడానికి రాలేదని, ఈ సంగతి అత్తకు చెప్పమని జైపిటీయే పంపాడని అంది. పదకొండు మంది కఫంలోని క్రిముల్ని దక్షిణాన పట్నంలోని ల్యాబుకి పంపితే, అక్కడ వాటి జన్యువుల్ని అక్షరం అక్షరం చదివారట. ఒంటి నుంచి ఒంటికి పోయేకొద్దీ క్రిమిలో ఎక్కడో ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పుల్ని వరస పెడితే ఎవరి తర్వాత ఎవరో తేలుతుంది. జైపిటీది చిట్టచివరి కొమ్మ. అది పట్నం క్రిమి కాదు. ఊరే అతనికి అంటించింది.

కాగితం మీద పేర్లు లేవు, గీతలూ రంగు నింపిన సున్నాలే. మొదట్లో ఉన్న సున్నా మాత్రం ఖాళీగా ఉంది, అందరికన్నా ముందు అంటించిన మనిషి ఎవరో తెలియక.

"ఈ మనిషి దొరికేదాకా జనం నా మాట నమ్మరు, పెద్దమ్మా," అంది రీపా.

ఉలాయు కాగితాన్ని చూసింది. తర్వాత కిటికీని చూసింది. ఇన్నేళ్ళూ ఆకుల్నే చూసింది గాని కాడల్ని చూడలేదు. చాలా ఆకులు విడివిడిగా ఉన్నాయి. పదకొండు మాత్రం ఒకే చెట్టువి. మూడు కొమ్మలు, ఎడమ కొమ్మ రెండుగా చీలి, ఆ కొసన జైపిటీ ఆకు. అచ్చం కాగితంలో ఉన్నట్టే. కాడలన్నీ కిందికి దిగి, తన కుర్చీ పక్కన, రోజూ పొద్దున్న తాను దగ్గే చోట కలిశాయి.

రీపా కూడా చూసింది. కాగితం మడిచింది.

ఉలాయు ఊరుకుంటే ఊరుకోవచ్చు. శుక్రవారం విమానం వెళ్ళిపోతుంది, ఊరి నోరూ మూతపడుతుంది. ఆమె చల్లారిన టీ పారబోసి రీపా వైపు తిరిగింది.

"ఓడ ఎక్కించరు కదా?"

"ఓడలు లేవు పెద్దమ్మా. మాత్రలు రోజూ నేనే తెస్తా. నువ్వు మింగేదాకా ఎదురుగా కూర్చుంటా."

"ఎదురుగా కూర్చుని నా బిస్కెట్లన్నీ తింటావు," అంటూ ఉలాయు పరీక్షకు వెళ్ళడానికి కోటు అందుకుంది.

మర్నాడు మధ్యాహ్నం, అందరి ఇళ్ళలో ఊరి రేడియో మోగే వేళకి, ఆమె ఆ రేడియోకి ఫోన్ చేసింది. "నేను ఉలాయుని. ఈ దగ్గు నాది, జైపిటీది కాదు. మా ఇంట్లో టీ తాగినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే రీపా దగ్గరికి వెళ్ళండి." అంతే చెప్పి పెట్టేసింది.

ఇక తన మొహం ఎవరూ చూడరనుకుంది. సాయంత్రానికి కిటికీ అవతల, మంచులో కూలా నిలబడి ఉంది, చేతిలో ఫ్లాస్కుతో. ఆమె వెనక పేకాట ముసలాళ్ళు. గాజుకి ఇటూ అటూ నిలబడి టీ తాగారు. ఇంటికి వెళ్తూ ఆ ముసలాళ్ళు జైపిటీ గడప దగ్గర ఆగి, ఒక్కొక్కరే అతనితో చేయి కలిపి, శనివారం సముద్రపు మంచు అంచుకి వేటకెళ్దామని చెప్పారు.

అయిదు వారాలకు ఆమె క్రిమిని చదివిన ఫలితం కూడా వచ్చింది. మిగతావాళ్ళ క్రిముల్లో మారిన అక్షరాలు ఆమె క్రిమిలో ఒక్కటీ మారలేదు, ఖాళీ సున్నా ఆమెదే. ఆ క్రిమి చిన్నప్పుడు సోకి, ఒంట్లో అరవై ఏళ్ళు నిద్రపోయి లేచిందని రీపా చెప్పింది.

"అయితే మా అమ్మదే," అంది ఉలాయు. "ఆమెది నా దగ్గర మిగిలింది అదొక్కటే." ఆ రోజు మాత్రను మామూలుకన్నా నెమ్మదిగా మింగింది.

ఆమె ఊపిరితో ఇక ఎవరికీ జబ్బు అంటదని తేలిన రోజు, మొదట లోపలికి వచ్చింది జైపిటీ. భుజం మీద సీల్. నేల మీద అట్ట పరిచి దించాడు.

"నీకు నా వల్లే వచ్చింది," అంది ఉలాయు.

అతను కత్తి దిగేసి, పొట్ట చీలుస్తూ తలెత్తకుండా చెప్పాడు. "నేను వచ్చిన రోజు ఈ ఊళ్ళో నన్ను కూర్చోమన్నది నువ్వొక్కదానివే అత్తా. ఆ రోజు బయటే ఉండిపోతే, ఇప్పుడు దగ్గడానికి కూడా మిగిలేవాణ్ణి కాదు."

ఉలాయు మోకాళ్ళ మీద కూర్చుంది. అక్కడ పచ్చిగానే తినే, ఇంకా వెచ్చగా ఉన్న కాలేయంలోంచి మొదటి ముక్క కోసి అతని అరచేతిలో పెట్టింది. అతను తినేదాకా ఆ మణికట్టు వదల్లేదు.