పెద్దావిడ కడుపు

"ఆగండి. ఎవరూ కదలొద్దు," అంది డాక్టరమ్మ. కోతకి తీసిన కత్తి ఆమె చేతిలోనే ఉంది.

ఆపరేషన్ బల్ల మీద పెద్దావిడ మత్తులో వెల్లకిలా పడుంది. ఆ జూలో అందరికన్నా వయసు మళ్ళిన గోధుమరంగు ఎలుగుబంటి. మూతి నెరిసింది, పళ్ళు అరిగిపోయాయి. కొన్నాళ్ళుగా తిండి మానేసి గూట్లో మూల చేరింది. గర్భసంచికి చీము పట్టిందనీ, కోసి తీసెయ్యకపోతే బతకదనీ అందరూ తేల్చేశారు. కోసే ముందు ఆఖరిసారిగా డాక్టరమ్మ పొట్ట మీద స్కానింగ్ యంత్రం ఆనించింది.

తెర మీద చిన్న చుక్క కొట్టుకుంటోంది. దాని పక్కనే ఇంకొకటి.

"ఇవి గుండెలు. చీమూ లేదు, గీమూ లేదు. ఇది కడుపుతో ఉంది!"

జూ డైరెక్టర్ తెర మీదికి వంగాడు. "ఇరవై ఎనిమిదేళ్ళ ముసలిదానికి కడుపేంటండీ? సరిగ్గా చూశారా?"

"మా కోడలు చూపు తప్పదు సార్. వంటింట్లో ఉప్పు డబ్బా ఒక్కటే కనపడదు దానికి," అంది పెద్దావిడ తల పట్టుకుని నిలబడ్డ కాపలామనిషి. ఆమె డాక్టరమ్మకి అత్తగారు. ఈ ఎలుగుకి తిండి పెట్టేదీ, బోను కడిగేదీ ఆవిడే.

డైరెక్టర్ నవ్వలేదు. పిల్లల కొలత చూశాడు, వెనక్కి లెక్కేశాడు.

"నెల పిల్లలు. నెల కిందట ఈ వరసలో ఉన్న మగది ఒక్కటే, పక్క బోనులో. మధ్య తలుపు తాళంచెవి నడుముకి కట్టుకు తిరిగేది మీరే. తలుపు వేయడం మరిచిపోయారు!"

"నేనా? నా ఇంటి తలుపు మరిచిపోతానేమో గానీ, ఆ తలుపు మరిచిపోను."

"రేపటినుంచి మీరు రావక్కర్లేదు. డాక్టరుగారూ, మీరు కానివ్వండి. ఈ వయసులో ఈనితే తల్లే పోతుంది. గర్భసంచి తీసెయ్యండి."

మత్తు దిగిపోయేలోపే ఏదో ఒకటి తేల్చాలి. అత్తగారి ఉద్యోగం, ఎలుగు కడుపు, రెండూ ఆ ఒక్క కత్తి అంచున ఉన్నాయి. డాక్టరమ్మ మళ్ళీ తెర వైపు చూసింది. ఈ జూలో పుట్టేవన్నీ పులిపిల్లలూ చిరుతపిల్లలే. వాటికైతే పిల్ల కొలతని బట్టి వెనక్కి లెక్కేస్తే జతకట్టిన వారం దొరికిపోతుంది. ఆమె చేతికీ అదే అలవాటు. ఎలుగు ఈనడం ఇక్కడ ఎవరూ చూడలేదు.

ఎలుగు!

కత్తి ట్రేలో ఖంగున పడింది.

"అసలు లెక్కే తప్పు సార్! చలి మొదలయ్యాక ఆడ ఎలుగు మగదాన్ని దగ్గరికే రానివ్వదు. ఇది జతకట్టింది వేసవి మొదట్లో. అప్పుడు పడ్డ పిండం ఇసుకరేణువంత పెరిగి ఆగిపోతుంది. నెలల తరబడి గర్భంలో అలా తేలుతూనే ఉంటుంది. చలి ముంచుకొచ్చే ముందు తల్లి ఒంట్లో చాలినంత కొవ్వుంటే అప్పుడు అంటుకుని పెరుగుతుంది. లేకపోతే చప్పుడు లేకుండా కరిగిపోతుంది."

ఆమె పెద్దావిడ పొట్ట మీద చెయ్యి వేసింది. చర్మం కింద కొవ్వు దిండులా ఉంది. గుండె నిబ్బరంగా కొట్టుకుంటోంది. ఈ వయసులో చాలా ఎలుగులకి కడుపే రాదు. ఇది అరిగిన పళ్ళతో ఒళ్ళు చేసింది, ఇద్దర్ని మోయగలనని తనకు తానే తేల్చుకుంది. ఏ పరీక్షలోనూ డాక్టరమ్మకి ఇంత గొప్ప జవాబు దొరకలేదు.

"చేపా గుమ్మడికాయా మెత్తగా ఉడికించి పెట్టాను గదే," అంది అత్తగారు.

"అందుకే నిలిచింది అత్తయ్యా. తిండి మానేసింది రోగంతో కాదు, పురిటికి మూల చూసుకుంది. మత్తు విరిచేస్తున్నాను. ఈ కడుపు మీద కత్తి పెట్టను."

విరుగుడు సూది వేసింది. కాసేపటికి పెద్దావిడ చెవి కదిలింది. ఇక గూటికి చేర్చాలి. అందరూ కలిసి పట్టి మోశారు, డైరెక్టర్ కూడా.

ఇనుప తలుపు మూశాక ఆయన నుదురు తుడుచుకున్నాడు. "అయితే వేసవిలో దీని దగ్గరికి వచ్చిందెవరు?"

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేసవిలో, వేరే జూకి వెళ్తూ దారిలో ఒక కుర్ర మగ ఎలుగు ఇక్కడ దిగింది. ఖాళీ బోను లేదు. "ముసలిదే కదా, ఏమవుతుంది? దీంతోనే ఉంచండి," అని పురమాయించింది డైరెక్టరే. అది ఉన్నన్నాళ్ళూ పెట్టినవన్నీ మేసి, కాలు మీద కాలు వేసుకున్నట్టు పడుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. దానికి పేరు పెట్టింది మాత్రం అత్తగారే.

ఆవిడ నడుముకున్న తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇంకెవరు సార్? మీరు పిలిచి పీట వేసిన అల్లుడు!"