ఒకే పేరు మీద ఇద్దరు

ఇప్పుడే కదా పెట్టింది, అంతలోనే ఎక్కడికి పోయినట్టు, జమున మళ్లీ మీట నొక్కింది, అవ్వ అనే పేరుతో అడిగితే తెరమీద ఒక్కటే మాట, పిఠ్లా, బాపు రెండో పెళ్లి చేసుకుని తెచ్చిన చిన్నమ్మ ఆదిలాబాద్‌లోని పుట్టింట్లో నేర్చుకొచ్చిన శనగపిండి కూర, అంతకుముందు పెట్టిన పచ్చబొట్టు లేదు, బుగ్గన వక్క లేదు, చనిపోయిన అవ్వ, తన కన్నతల్లి గుర్తులు ఒక్కటీ లేవు, పక్కింటి హరీష్ అన్న కరీంనగర్‌లో ఫోన్లకు ప్రోగ్రాములు రాస్తాడు, సెలవుకు వచ్చి తన పాత లాప్‌టాప్ మీద ఆబ్జెక్టివ్-సి నేర్పుతున్నాడు, డిక్షనరీ అంటే పేర్లు రాసిన డబ్బాలనుకో పిల్లా, ఒక్కో డబ్బాల అర్రే అని ఒక వరుస పెట్టుకోవచ్చు, పేరు చెప్పి అడిగితే వరుసంతా చేతికొస్తది, అన్నాడు, జమున ఇంట్లోవాళ్ల గుర్తులు ఒక్కో పేరు మీద పెట్టసాగింది, బాపు పేరు మీద ఆయన నడిపే మరమగ్గం, ఆ సాంచా చప్పుడు, నూలు అంటిన మీసం చక్కగా వచ్చాయి, మరి చిన్నమ్మకు ఏ పేరు, పొద్దున బాపు సాంచాల కాడికి పోతూ గొణిగాడు, చిన్నమ్మ వచ్చి ఏడాదాయె, ఒక్కసారన్న ఆమెను అవ్వా అని పిలువరాదు బిడ్డా, ఆ మాట చెవిలో ఉండగానే వేళ్లు ఆ పేరే కొట్టాయి, హరీష్ అన్న నవ్వాడు, అదే పేరు మీద కొత్త వరుస పెడితివి, పాతది పోయింది, కంప్యూటర్‌కేం ఎరుక నీకు ఇద్దరున్నరని.

ఇదే కదా తన భయం, ఆ పిలుపు చిన్నమ్మకిస్తే కన్న అవ్వ చెరిగిపోతుందని, మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది, చిన్నమ్మ వంటింట్లోంచి వచ్చి వంగి చూసింది, కాయ్ ఝాలా, ఏమైంది, మొకం గట్ల పెట్టినవేంది, గా డబ్బ నిన్ను తిట్టిందా, హరీష్ అన్న కంగారుపడ్డాడు, దీనికే ఏడుస్తవా, నువ్వు రాసిన పాత వరుస ఇంక పైన అట్లనే ఉంది, మొదటినుంచి నడిపిస్తే మళ్ల వస్తది, ఈసారి కొత్త వరుస పెట్టకు, ఉన్న వరుసను బయటికి తీయి, మార్చుకునే వీలున్న నకలు చెయ్యి, చివర్ల కొత్తది కలుపు, మళ్ల అదే పేరు మీద పెట్టు, జమున ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది, మళ్లీ నడిపి అవ్వ పేరుతో అడిగింది, పచ్చబొట్టు వచ్చింది, వక్క వచ్చింది, వాటి వెనకాలే పిఠ్లా, ఒకదాన్నొకటి తోసుకోకుండా, చిన్నమ్మ తెరమీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది, గివి మీ అవ్వయి కదా, నా పిఠ్లా గూడ నడుమ దూరిందే, అని నవ్వి, మరి మీ అవ్వ నిన్నేమని పిలుస్తుండె, అని మెల్లగా అడిగింది, ఆ అడగడంలో తోసేసే తొందర లేదు, తెలుసుకోవాలనే ఆశ ఉంది, ఇద్దరికీ చోటుంది, చోటు లేదనుకున్నది తానే, కలపడమంటే చెరపడం కాదు, జమున తలెత్తి చూసింది, జమ్మీ అంటుండె, అవ్వా.