తాళం మాత్రం భద్రం

మా బడికి ఎలక్ట్రికల్ కోర్సు వచ్చి రెండేళ్లు దాటింది. పనిముట్లు కూడా వచ్చాయి. వచ్చిన రోజు నుంచి అవి గదిలోనే ఉన్నాయి, గదికి తాళం, తాళంచెవి హెడ్మాస్టరు జేబులో. ముఖ్య అతిథి వచ్చి కొబ్బరికాయ కొట్టేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నారు మొదట్లో. ఆయన వచ్చాడు, కొట్టాడు, రిబ్బను కత్తిరించి ఫోటో దిగాడు. ఆ తర్వాత తనిఖీకి వచ్చేవాళ్ళకు కొత్తగా కనబడాలని మళ్ళీ తాళం వేశారు. నేను ఆ కోర్సుకు టీచర్ని. నా పిల్లలు స్విచ్చి బోర్డును సుద్దముక్కతో గీసిన బొమ్మగానే చూశారు. ఎప్పుడు అడిగినా హెడ్మాస్టరుది ఒకటే మాట, ఖరాబైతే జవాబు ఎవరు చెప్పాలని. విని విని నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ రోజు పదో తరగతి ప్రాక్టికల్. తండా నుంచి వచ్చే భూమిక అనే పిల్ల తండ్రి జైసింగ్ పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఏటా చెరుకు నరికే పనికి మహారాష్ట్ర పోయే కుటుంబం వాళ్ళది. పిల్ల చేతికి పని వచ్చిందని ఈ పరీక్షలో తేలితే నానమ్మ దగ్గర ఉంచి ఐటీఐలో చేరుస్తానని, లేకపోతే బడి అయిపోగానే చెరుకు పనికి తీసుకుపోతానని నాతో ముందే చెప్పాడు. పరీక్ష చేయించడానికి కామారెడ్డి నుంచి అరవింద్ సార్ కూడా వచ్చాడు. తాళంచెవి మాత్రం రాలేదు. హెడ్మాస్టరు ఎల్లారెడ్డిలో మొదటి బస్సెక్కి కామారెడ్డి పోయాడట, నైపుణ్యాల చదువు మీద మీటింగులో మాట్లాడటానికి.

ఫోన్ చేశాను. పిల్లలకు ఎలాగూ రాదు కదా, బొమ్మలు గీయించి మార్కులు వేయించమన్నాడు. తాళం పగలగొడితే మాత్రం ఊరుకోనన్నాడు. చేతిపని చూడకుండా ఒక్క మార్కూ వేయనని అరవింద్ సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్లన్నీ లోపలే. నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

భూమిక తలుపు దగ్గర వంగి చూసింది. గొళ్ళెం స్క్రూలు బయటివైపే ఉన్నాయి. సంచిలోంచి స్టీలు స్కేలు తీసి, అంచు పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. నేను వద్దనకుండా పక్కకు జరిగాను. గొళ్ళెం తలుపు నుంచి ఊడి, తాళంతో సహా దర్వాజ చట్రానికి వేలాడింది.

పిల్లలందరూ గడప బయటే ఆగిపోయారు. భూమిక ఒక్కతే లోపలికి వెళ్ళి, ప్లాస్టిక్ కవరు కూడా తీయని బోర్డు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"టీచర్, ముట్టొచ్చా?"

రెండేళ్లుగా మేం ఆ పిల్లలకు గట్టిగా నేర్పింది ముట్టుకోవద్దనే మాటొక్కటే.

"ముట్టు బిడ్డా. నీకోసమే వచ్చింది అది."

మొదటి వైరు తప్పుగా బిగించింది. నాలుక కరుచుకుని, విప్పి మళ్ళీ బిగించింది. స్విచ్చి వేస్తే బల్బు వెలిగింది. అరవింద్ సార్ మార్కులు వేశాడు. కిటికీలోంచి చూస్తున్న జైసింగ్ తలరుమాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"పిల్ల ఈడనే ఉంటది, టీచరమ్మ" అన్నాడు.

అప్పుడే హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. మీటింగులో ఆయన మాటలకు అందరూ చప్పట్లు కొట్టారట. ఇంతకూ తాళం పగలగొట్టలేదు కదా అని అడిగాడు. దర్వాజకు వేలాడుతున్న దానివైపు చూశాను.

"లేదు సార్. తాళం మంచిగనే ఉన్నది."