ఆయన దగ్గరుంది

"నీ పాస్‌పోర్టు ఇటివ్వు. నీ దగ్గరైతే ఎక్కడ పెట్టావో నీకే తెలీదు."

మావారు ఆ మాటన్నప్పుడు నేను ఆయన సాక్సులు జత చేస్తున్నాను. ఒకటి మంచం కింద, దాని జోడు వాషింగ్ మెషిన్ వెనకాల దొరికాయి. రెండూ వెతికింది నేనే. ఆయన బీపీ మాత్రలు, దగ్గరచూపు కళ్ళద్దాలు, దూరపుచూపు కళ్ళద్దాలు, ఒంటికి పడే సబ్బు, మెడకి పట్టే చిన్న దిండు, ఏది ఏ పెట్టెలో ఏ మూల ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఈ ఇంట్లో ఎక్కడేముందో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, ఎక్కడేం పెట్టానో తెలియని మనిషిగా పేరుపడ్డదీ నేనే. పెళ్ళయిన కొత్తలో ఒకసారి బస్సులో గొడుగు మరిచిపోయాను. ఆ గొడుగు ఇప్పటికీ నా నెత్తి మీద తెరిచే ఉంది. పాలు పొంగితే గొడుగు గుర్తొస్తుంది ఆయనకి, కరెంటు బిల్లు ఆలస్యమైనా గొడుగే గుర్తొస్తుంది.

"ఇచ్చెయ్యమ్మా. దేశం కాని దేశం. వాడి దగ్గరుంటే మనకి నిశ్చింత," అన్నారు అత్తగారు. అని, తన కళ్ళజోడు ఎక్కడుందో చూడమన్నారు. నెత్తి మీదుందని చెప్పి పాస్‌పోర్టు ఇచ్చేశాను.

ఈ ప్రయాణం మా పెళ్ళిరోజుకి మా అమ్మాయి ఇచ్చిన కానుక. టికెట్లు, హోటళ్ళు అన్నీ తనే చూసింది. మావారు మాత్రం దీనికోసమని నడుముకి కట్టుకునే సంచి ఒకటి కొన్నారు. చొక్కా కింద కట్టుకుంటే, ఉన్న బొజ్జ మీద ఇంకో చిన్న బొజ్జ లేచినట్టు ఉంటుంది. మా పాస్‌పోర్టులు రెండూ, డబ్బులు, కార్డులు, టికెట్లు, ఆయన ఫోను, సర్వం అందులోనే. నా ఫోనుకి అక్కడ పనిచేసే సిమ్ము అక్కర్లేదన్నారు. "ఇద్దరం ఒక్కచోటే కదా ఉండేది, రెండెందుకు?" అన్నారు. దాంతో నా ఫోను ఫొటోలు తీయడానికే మిగిలింది. ఆ ఫొటోలు కూడా ఆయనవే.

దిగీదిగగానే ఇమ్మిగ్రేషన్ దగ్గర మొదలైంది. నేలమీద పసుపు గీత ఉంది, ఒక్కొక్కళ్ళే రావాలి. మావారు మాత్రం నన్ను ముందు పెట్టుకుని, నా భుజం మీంచి మెడ చాపి నుంచున్నారు. అద్దం వెనకున్న ఆఫీసరు నన్నేదో అడిగాడు. "టూరిస్ట్" అన్నారు మావారు. మళ్ళీ నన్నే చూస్తూ, మీరేం చేస్తుంటారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే "హౌస్‌వైఫ్" అన్నారు. ఆఫీసరు వేలు చూపించి ఆయన్ని గీత వెనక్కి పొమ్మన్నాడు. వెళ్ళారు, కాదనను. గీత వెనక నుంచుని, నాకు వినపడదేమోనని ఇంకా గట్టిగా "హౌస్‌వైఫ్!" అని అరిచారు. వరసలో ఉన్న జనమంతా నావైపు తిరిగి చూశారు. నేను తలూపాను.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తాను. ఇది బాగా కనిపిస్తోందా, ఇందాకటిది బాగా కనిపించిందా అని రోజంతా మనుషుల్ని అడుగుతూనే ఉంటాను. అడిగించుకోవడం అనేది నాకు అలవాటు లేదు. "మరి నేను ఉద్యోగం చేస్తున్నాను కదండీ, అలా చెప్పారేంటి?" అన్నాను సామాన్ల దగ్గర. "ఆ, అదో ఉద్యోగం! అవన్నీ చెప్పుకుంటూ పోతే లేనిపోని ప్రశ్నలు," అంటూ పెట్టెలు వస్తున్న వైపు చూశారు. మా పెట్టె మూడుసార్లు ఆయన ముందునుంచే వెళ్ళింది, గుర్తుపట్టలేదు. నేనే లాగాను.

మొదటి హోటల్లో ఆయన స్నానానికి వెళ్తూ సంచి కూడా తీసుకెళ్ళారు. దొంగలు తలుపు పగలగొట్టి వస్తే నా వల్ల ఏమవుతుందని ఆయన భయం. బాత్రూంలో గోడ పక్కన ఎర్రతాడొకటి వేలాడుతూ కనిపించిందట, సంచి తగిలించడానికే పెట్టారనుకున్నారు. అది జారిపడ్డవాళ్ళు సాయానికి లాగే తాడు. ఒక్కసారిగా ఊరంతా వినపడేలా కూత మొదలైంది. ఇద్దరు హోటల్ వాళ్ళు పరిగెత్తుకొచ్చి, నన్ను పక్కకి నెట్టి, బాత్రూం తలుపు తోసేశారు. లోపల మావారు, ఒంటికి తువ్వాలు, ఒళ్ళంతా నురగ, గుండెకి హత్తుకున్న సంచి. వాళ్ళెళ్ళిపోయాక "తాడుందని ముందే చెప్పొద్దా?" అని నన్ను కేకలేశారు. నేను మంచం మీద బోర్లా పడి దిండులో మొహం పెట్టుకుని నవ్వుకున్నాను. ఏడుస్తున్నాననుకుని, పోనీలే ఊరుకో అన్నారు.

అసలుది ఆ మర్నాడు, ఇంకో ఊరికి వెళ్ళే రైల్లో జరిగింది.

మావారికి రైలు ఆగిన చోటల్లా దిగకపోతే ప్రయాణం చేసినట్టుండదు. దిగుతారు, సీసాలో నీళ్ళు పడతారు, ఒళ్ళు విరుచుకుంటారు, ఎవరో ఒకర్ని పలకరిస్తారు. రైలు కూత వేస్తుంది. ఎక్కరు. కదులుతుంది. అప్పుడు నాలుగడుగులు పరిగెత్తి, కమ్మీ పట్టుకుని, ఒంటికాలి మీద ఎక్కుతారు. కాపురమంతా నేను కిటికీ దగ్గర ప్రాణాలరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల చిన్నప్పుడు అది "నాన్న రాలేదు, నాన్న రాలేదు" అని ఏడ్చేది. ఆయన నవ్వుతూ వచ్చి, "ఇంత పిరికిదానివేంటే, అచ్చం మీ అమ్మలాగా," అనేవారు.

ఇక్కడ కూడా రైలు ఆగింది. ఆయన బూట్లు విప్పి, హోటల్ వాళ్ళిచ్చిన పల్చటి తెల్లచెప్పుల్లో కాళ్ళు చాపుకుని ఉన్నారు. అలాగే సీసా తీసుకుని లేచారు. "వద్దండీ, ఈ రైళ్ళు వేరు," అన్నాను. "నాకు తెలుసులే," అన్నారు. దిగి రెండడుగులు వేశారో లేదో, తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. కూతా లేదు, కుదుపూ లేదు. పట్టుకోవడానికి కమ్మీ అసలే లేదు. ఆయన తెల్లచెప్పుల్లో పక్కనే పరిగెడుతున్నారు, ఒక చెప్పు ఎగిరిపోయింది, అద్దం మీద అరచేత్తో కొడుతున్నారు. ఏదో అరుస్తున్నారు గానీ వినపడదు. చివరిగా నాకు కనిపించింది, ఆయన చొక్కా పైకెత్తి సంచి చూపించడం. పాస్‌పోర్టులు భద్రంగా ఉన్నాయి, కంగారుపడకు అని!

నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. టికెట్టు లేదు, పాస్‌పోర్టు లేదు, చేతిలో పైసా లేదు. ఫోనుంది, పనిచేయదు. చుట్టూ ఉన్నవాళ్ళ భాష నాకు రాదు. ఈ రైలు దిగి నేను ఫలానా అని చెప్పుకోవాలంటే నా దగ్గర ఉన్న ఆధారం ఏమిటి? రెండు పెట్టెలు, ఒక జత మగవాళ్ళ బూట్లు, బీపీ మాత్రలు. పట్టుకెళ్ళి ఏ గదిలోనో కూర్చోబెడతారు, ఎవరివి నువ్వు అంటారు, ఏం చూపించను? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భయంతో పాటు ఒళ్ళుమండే కోపం కూడా వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. అడగ్గానే తీసి ఇచ్చేసిన నా చెయ్యి మీద కూడా వచ్చింది.

టికెట్లు చూసే ఆవిడ వచ్చింది. నా ఈడే ఉంటుంది, భారీ మనిషి, టోపీ పెట్టుకుంది. చెయ్యి చాపింది. "టికెట్... హస్బెండ్," అన్నాను, వెనక్కి చూపిస్తూ. పాస్‌పోర్టు అంది. "హస్బెండ్," అన్నాను. ఫోను? హస్బెండ్. డబ్బులు? హస్బెండ్. పేరేమిటి అని అడిగింది. నోటిదాకా వచ్చింది, మళ్ళీ హస్బెండ్ అనబోయాను.

ఆగాను. బ్యాంకులో, గ్యాసు వాళ్ళతో, జీతం పడే ఖాతా కార్డు అడిగితే మా దుకాణంలో, ఇన్నేళ్ళూ నేను చెప్పింది ఇదొక్కటే. ఆయన దగ్గరుంది. ఎంత అలవాటైపోయిందంటే, పేరడిగినా అదే వస్తోంది. నా పేరు చెప్పాను. ఆవిడకి నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పాను, ఇంకొంచెం గట్టిగా. ఈసారి పలికింది, వంకరగానే అయినా పలికింది.

ఆవిడ ఫోను తీసి, వెనకటి స్టేషన్ వాళ్ళతో కాబోలు, మాట్లాడింది. కాసేపటికి ఆ ఫోను నా చేతికిచ్చింది. అటునుంచి మావారు.

"నువ్వెందుకు దిగలేదు?" అన్నారు మొదటి మాటగా.

"రైలు వెళ్ళిపోయింది కదండీ."

"నన్ను వదిలేసి వెళ్ళిపోతావా? ఇక్కడ పోలీసులేవేవో అడుగుతున్నారు. మనం దిగే హోటల్ పేరేంటి?"

చెప్పాను.

"ఏ ఊళ్ళో?"

"మనం వెళ్తున్న ఊళ్ళో."

"అదే, ఆ ఊరి పేరేంటి?"

అదీ చెప్పాను. ఆయన గొంతు తగ్గించి, "నా మాత్ర వేసుకునే టైమైంది. కాలికి చెప్పు కూడా లేదు," అన్నారు. పాపం అనిపించింది. లోపలెక్కడో చిన్న సంతోషం కూడా కలిగింది. దాచుకోవడం ఎందుకు, కలిగింది.

టోపీ ఆవిడ నన్ను, రైలు కాసేపు ఆగే తర్వాతి స్టేషన్లో దింపింది. రెండు పెట్టెల్లో ఒకటి తనే లాగింది. వెనకొచ్చే రైల్లో ఆయన్ని పంపిస్తారని సైగలతో చెప్పి, అక్కడి గదిలో కూర్చోబెట్టమని స్టేషన్ వాళ్ళకి అప్పజెప్పింది. వెళ్ళేముందు మిషన్ దగ్గర కాఫీ పడుతూ, చక్కెర ఎంత అని వేళ్ళతో అడిగింది. ఎప్పుడూ మావారే చెప్తారు, తనకి చక్కెర వద్దండీ, ఇప్పటికే లావైపోతోంది అని. నేను రెండు వేళ్ళు చూపించాను. తర్వాత ఇంకో వేలు కూడా ఎత్తాను. ఆవిడ నవ్వి, నా భుజం తట్టి, తన రైలెక్కేసింది.

కిటికీ పక్కన కూర్చుని ఆ తియ్యటి కాఫీ తాగాను. ఎవరి వస్తువూ వెతకలేదు. జనం వస్తున్నారు, పోతున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు, నేనూ ఎవర్నీ ఏమీ అడగలేదు. రైలు చాలాసేపటికి గానీ రాలేదు. నిజం చెప్పాలంటే, రాగానే అప్పుడే వచ్చేసిందా అనుకున్నాను.

మావారు తలుపులు పూర్తిగా తెరుచుకునేదాకా కదలకుండా నుంచుని, ఆ తర్వాత నేల చూసుకుంటూ దిగారు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి సాక్సు. పక్కన రైల్వే మనిషొకడు ఆయన్ని మోచెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. నన్ను చూడగానే ఆయన మొహం ముడుచుకుపోయింది, ఏడుస్తారేమో అనుకున్నాను. నేను మాత్ర, నీళ్ళు ఇచ్చాను. బూట్లు ముందు పెట్టాను. ఊపిరి తిప్పుకున్నాక సంచి మీద చెయ్యేసి తట్టారు.

"ఏదేమైనా పాస్‌పోర్టులు మాత్రం జాగ్రత్తగా ఉన్నాయి."

నేను చెయ్యి చాపాను. "నాది ఇవ్వండి."

"ఎందుకిప్పుడు? నీ దగ్గరైతే పోతుంది."

"మీ దగ్గర పాస్‌పోర్టు తప్పిపోలేదండీ. నేను తప్పిపోయాను."

ఆయన ఏదో అనబోయారు. గొడుగే అయ్యుంటుంది. నా చెయ్యి అలాగే ఉంది. కాసేపు చూసి, చొక్కా ఎత్తి, సంచి తీసి, ముందు తనది, తర్వాత నాది బయటికి లాగారు. నాది తెరిచి చూశాను. వచ్చిన రోజే బీరువాలోకి, అక్కణ్ణించి ఆయన సంచిలోకి వెళ్ళిపోయింది కాబట్టి నా ఫొటో ఎలా వచ్చిందో నాకు తెలియదు. బాగానే ఉన్నాను. కాస్త కోపంగా ఉన్నాను, అంతే. టికెట్టు, సగం డబ్బులు కూడా అడిగి తీసుకున్నాను.

సాయంత్రం కొత్త ఊళ్ళో హోటల్ చేరేసరికి ఇద్దరికీ మాట్లాడే ఓపిక లేదు. కౌంటర్ దగ్గరమ్మాయి పాస్‌పోర్టులు అడిగింది. మావారు అలవాటుగా చొక్కా ఎత్తి, సంచి జిప్పు లాగి, ఒకటి తీసి పెట్టారు. రెండోదాని కోసం ఇంకోసారి చెయ్యి పెట్టి, ఆగిపోయారు. ఆ అమ్మాయి మర్యాదగా, "మేడంది?" అంది. ఆయన నావైపు చూశారు, గొంతు సవరించుకున్నారు.

"అది... ఆవిడ దగ్గరుంది," అన్నారు.

నేను హ్యాండ్‌బ్యాగు తెరిచాను. ఎక్కడ పెట్టానో నాకు బాగా తెలుసు. అయినా నిదానంగా, కాసేపు వెతికాను.