నేనెక్కని మిద్దె

గోకరకాయ నారలు తీస్తుంటే మా ఆయన రామ్‌చందర్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, మెట్లు ఎటువైపున్నాయని అడిగాడు. వంటగది వెనక, ఇనుప మెట్లు అన్నాను. టేబుళ్లెన్ని అన్నాడు. పన్నెండు. పిట్టగోడ ఏ పక్కన లేదు? పడమర పక్కన. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు చెబుతున్నాను గానీ, ఆ మిద్దెను నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఫలక్‌నుమా అవతల ఆ మిద్దె ఉన్న బారుకు ఓనరును నేనే. ఆయన మీద పాత కేసు ఒకటి ఉండటంతో ఆరేళ్ల కింద లైసెన్సు నా పేరున తీశారు. వేలుపెట్టి చూపిన చోటల్లా హరిచందన అని సంతకం చేశాను. తెరిచే రోజు నేనూ వస్తానంటే మా అత్త రుక్మాబాయి, ఇంటి కోడలు తాగుబోతుల నడుమ తిరిగితే లాల్‌దర్వాజాలో తలెత్తుకోలేమంది. గోడకు నా పేరు వేలాడవచ్చట, నేను మాత్రం గడప తొక్కకూడదట. ఆ రోజు వాళ్లు తిరిగొచ్చేసరికి నలభై మందికి వంట చేసి ఉంచాను.

రూలు చిన్నదే. లైసెన్సుతో మంజూరైన ప్లానులో గీసిన హాల్లోనే మందు పోయాలి. ఆరుబయట పోయాలంటే వేరే అనుమతి కావాలి. అది లేకుండానే ఎండాకాలం గిరాకీ కోసం ఆయన మిద్దె మీద టేబుళ్లు వేయించాడు. మొన్న శనివారం డానియేలు అనే ఒకతను పిట్టగోడ లేని పక్క నుంచి కిందపడ్డాడు. ఇంకా కళ్లు తెరవలేదు. ఆస్పత్రి బయట కూర్చున్న అతని భార్య షారోన్ ఫొటో పేపర్లో చూసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

పదకొండింటికి ఎక్సైజ్ ఆఫీసులో నేను చెప్పాల్సింది, ఆ టేబుళ్లు వేయించింది నేనేనని, మా ఆయనకు ఏ సంబంధమూ లేదని. కాగితం కూడా రాయించి తెచ్చాడు. ఫికర్ చెయ్యకు, మిగిలింది నేను చూసుకుంటానన్నాడు. నన్ను జైల్లో పెడితే పిల్ల పదో తరగతి పరీక్షలు అని నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

“ఆడదానివి, నిన్నెవడు లోపలేస్తడు? వాడు పోతే ఇల్లెట్ల నడుస్తది?”

తెల్లారకముందే నల్లా నీళ్లు పట్టడం నుంచి ఆమె మోకాళ్లకు నూనె రాయడం దాకా నేను చేసేదంతా ఇల్లు నడపడం కిందకి రాదు కాబోలు. ఒళ్లు మండింది, అయినా జైలంటే నాకు చచ్చేంత భయం. అంతకంటే భయం, నేను లేని ఇంట్లో నా బిడ్డను కూడా ఇలాగే ఎదురుగా కూర్చోబెట్టుకుని అప్పజెప్పించుకుంటారని.

ఆఫీసులో ఆయన నా పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. అధికారి కాగితం చదివి, ఇదంతా నిజమేనా, సంతకం పెట్టాక మార్చడం కుదరదమ్మా అంటూ పెన్ను ఇచ్చాడు. బల్ల కింద మా ఆయన నా కాలు తొక్కాడు. ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో నాకు తెలుసు. అసలు ఇంటికి వెళ్తానో లేదో తెలియదు. పెన్ను మూతపెట్టి అధికారి వైపు జరిపాను.

“సార్, గా మిద్దె నేనెన్నడు ఎక్కలే. గీ కాగితంల ఉన్నదంతా ఇయ్యాల పొద్దుగాల మా ఆయన నాతోని బట్టీ పట్టించిండు.”