మొదటి ధరకే సరేనన్న మనిషి

మా కొండ ఎంత నిటారుగా ఉంటుందంటే, మా పెరట్లో కోడి గుడ్డు పెడితే అది దొర్లుకుంటూ పోయి కింది ఊళ్ళో పాద్రీగారి గుమ్మం ముందు ఆగేది. ఆయన ఏనాడూ గుడ్లు కొని ఎరగడు. కాఫీ కోసేటప్పుడు నడుముకు తాడు కట్టుకుని రెండో కొస కంచరగాడిదకు కట్టేవాళ్ళం. దానికి తుమ్ము వచ్చిందంటే మేం పక్క జిల్లాలో తేలేవాళ్ళం. నమ్మనివాళ్ళు వెళ్ళి గాడిదనే అడగవచ్చు, కాకపోతే అది చచ్చిపోయింది.

అలాంటి నేలను అమ్మకానికి పెట్టాను. పెట్టక తప్పలేదు. నా భార్య ఒదిలియాకు ఊపిరి ఆడటం లేదు. పొయ్యి దగ్గర నుంచి గుమ్మం దాకా రావాలన్నా మధ్యలో గోడ పట్టుకుని నిలబడేది. వానలు మొదలయ్యేలోపు వెచ్చటి దిగువకు దించేయండి, లేకపోతే తర్వాత మోసుకుని దించాల్సి వస్తుంది అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. దిగువన, నది ఒడ్డున, రెండు గదుల ఇల్లు చూసుకున్నాం. దానికి ముప్పై మిలియన్ల పేసోలు అడిగారు. మా కాఫీ చేను కూడా నిఖార్సుగా అంతే చేస్తుంది. దళారిని పెట్టుకుంటే వాడి వాటా పోగా నాకు ఇంటి గోడలు వస్తాయి, కప్పు రాదు. అందుకని ఒక చెక్క మీద ‘అమ్ముతాం, దళారులు రావద్దు’ అని రాసి గేటుకు వేలాడదీశాను.

దళారి లేకుండా నేల అమ్మడానికి మా దగ్గర ఒక తంతు ఉంది. అమ్మేవాడు మూడింతలు చెబుతాడు. కొనేవాడు నేలను తిడతాడు. అమ్మేవాడి పెళ్ళాం వంటింట్లోంచి కనపడకుండా, ఇంతకు అమ్మితే పుట్టింటికి పోతానని అరుస్తుంది. కొనేవాడు అలిగి గేటు దాకా నడుస్తాడు. అక్కడ వెనక్కి పిలవాలి. గేటు దాటినవాణ్ణి పిలిస్తే పరువు పోతుంది కాబట్టి ఎవరూ పిలవరు, బేరం అంతటితో చచ్చినట్టే. ఇదంతా గొంతెత్తి జరగాలి. లోయకు అవతలి వాలులో కాఫీ కోసేవాళ్ళు పని ఆపి వింటారు, చీకటి పడేలోపు ధర ఊరంతా తిరిగి వస్తుంది.

బేరమాడకుండా కొనేవాళ్ళు ఆ రోజుల్లో ఒకే రకం ఉండేవాళ్ళు, మనిషిని చంపి నేల లాక్కునేవాళ్ళు. ఇచ్చే ఉద్దేశం లేనప్పుడు ఎంతైతేనేం? పై గట్టు మీద ఒకాయన మూడింతలు చెబితే అవతలివాడు సరేనన్నాడు. ఆయన సంబరపడి పందిని కోశాడు. ఆ మాంసం అయిపోకముందే ఆయన టోపీ ఏట్లో దొరికింది. టోపీ ఒక్కటే. తర్వాత నేల రాసిచ్చే కాగితం మీద వేలిముద్ర వేసింది ఆయన భార్య. అప్పటి నుంచీ మొదటి ధరకు సరే అన్న మాట వినపడితే మా కొండలో కుక్కలు కూడా మంచం కిందికి దూరేవి.

ఒక పొద్దున బూడిదరంగు ట్రక్కు మా గేటు ముందు ఆగింది. దిగినవాడు నలభై ఏళ్ళవాడు, నున్నగా గీసుకున్న గడ్డం, కొత్త బూట్లు. మా కొండలో కొత్త బూట్లతో ఎవరూ నేల చూడటానికి రారు. పేరు అడిగితే బెలార్మీనో అన్నాడు, అనేముందు కాస్త ఆలోచించాడు. నేను గోడకు దూరంగా వేసిన కుర్చీని తనే జరిపి, వీపు గోడకు ఆనించి, దారి కనపడేట్టు కూర్చున్నాడు.

నేను ఎప్పటిలాగే మొదలుపెట్టాను. ఈ నేల మీద చీపురు పాతినా కాఫీ కాస్తుందనీ, కిందటేడు ఒక గింజ తీసుకుపోయిన చీమకు నడుం పట్టేసిందనీ చెప్పాను. అతను నవ్వలేదు.

“ధర ఎంత, పెద్దాయనా?”

“తొంభై మిలియన్లు,” అన్నాను.

“సరే,” అన్నాడు.

తప్పు విన్నానేమోనని మళ్ళీ అడిగాను. సరేనని మళ్ళీ అన్నాడు.

అప్పుడు వంటింట్లోంచి ఒదిలియా గొంతు లేచింది. పాపం, ఆ అరుపు కోసం తెల్లవారినప్పటి నుంచీ ఊపిరి దాచుకుంది.

“ముసలోడా, తొంభైకి ఇచ్చావో, నా శవం మీంచి దాటి ఇవ్వాలి.”

శవం అన్న మాట ఇతని ముందు అనాల్సింది కాదు. గోడ అవతల ఉన్న మనిషికి సైగ ఎలా చేస్తాను? గట్టిగా దగ్గాను. ఆవిడ దాన్ని శభాష్ అనుకుంది కాబోలు, వంద అడగమని ఇంకోసారి అరిచింది.

“వందకైనా సరే,” అన్నాడు బెలార్మీనో.

ఇక నాకు ఒకటే దారి కనిపించింది. నేల నచ్చకుండా చేసి ఇతన్ని పంపించేయాలి. నలభై ఏళ్ళు పొగిడిన నేలను నేనే తిట్టడం మొదలుపెట్టాను. వానాకాలంలో కొండచరియ విరిగి దారి మూసుకుపోతుందని, నెల్లాళ్ళు ఒక్క పురుగు కూడా పైకి రాదని చెప్పాను. అతని భుజాలు కాస్త కిందికి దిగాయి. ఫోను పని చేయదన్నాను. మంచిదే అన్నాడు. కాఫీ చెట్ల మధ్య తల లేని సన్యాసి తిరుగుతాడనీ, ఆ భయానికి పోలీసులు కూడా గేటు దగ్గరే ఆగిపోతారనీ చెప్పాను. అది నేను అప్పటికప్పుడు పుట్టించిన సన్యాసి. అతను ముందుకు వంగి, పోలీసులు నిజంగా రారా అని అడిగాడు.

తిట్టడం ఆపేశాను. తిట్టినకొద్దీ ఇష్టపడుతున్నాడు. ఎవరూ రాని చోటు ఎవరికి కావాలి? ఏం పూడ్చడానికి కావాలి? నా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను.

“డబ్బు ఇవాళే ఇచ్చేస్తాను,” అన్నాడతను. “ట్రక్కులో ఉంది. రేపటికి ఖాళీ చేయగలరా?”

ఒదిలియా అప్పుడు బయటికి వచ్చింది. తంతు ప్రకారం రాకూడదు. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో కాఫీ కప్పు పట్టుకుని మెల్లగా వచ్చి కప్పు అతనికి అందించింది. సగం కాఫీ అతని కొత్త బూట్ల మీద ఒలికింది. వణికింది ఆవిడ చెయ్యి కాదు. దారి మీద ఎవరిదో మోటారు సైకిల్ వెళ్ళింది. అతను కప్పు పక్కన పెట్టి లేచి గోడకు అతుక్కున్నాడు. శబ్దం పూర్తిగా పోయేదాకా కూర్చోలేదు.

ఒదిలియా నా వైపు చూసింది, అతని వైపు చూసింది, బల్ల మీద కూలబడి ఊపిరి అందేదాకా ఆగింది.

“ఎవరు తరుముతున్నారు, నాయనా?”

అతను నేలకేసి చూస్తూ చెప్పాడు. దూరాన ఒక పట్నంలో ఇనుప సామాన్ల కొట్టు ఉండేదట. నెలనెలా కప్పం అడిగేవాళ్ళకు కట్టనన్నారట అన్నదమ్ములిద్దరూ. అన్నను కొట్టు ముందే కాల్చేశారు. ఇతను కొట్టు అమ్మేసి, ఆ డబ్బు సంచిలో కట్టుకుని, ఊరూరా తిరుగుతున్నాడు. బేరమాడే ఓపిక లేదు, ధైర్యం అసలే లేదు. గేటు మీద దళారులు వద్దన్న చెక్క చూసి ఆగాడు. దళారి ఉంటే పదిమందికి తెలుస్తుందని.

నా భయం పోయిందనుకున్నారా? వేషం మార్చుకుని అక్కడే కూర్చుంది. ఇతను చంపేవాడు కాదు సరే, ఇతని వెనకాల వచ్చేవాళ్ళ సంగతేమిటి? లేచి వెళ్ళిపొమ్మనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అదే సమయానికి ఒదిలియా దగ్గింది. అది నేను దగ్గిన దొంగ దగ్గు లాంటిది కాదు. మాట మింగేశాను.

“వంద తీసుకుందాం. రేపే పోదాం,” అని ఆవిడ చెవిలో అన్నాను.

“బుద్ధుందా ముసలోడా?” అంది ఆవిడ, అతనికి వినపడేట్టే. “ఈ రాళ్ళగుట్టకు వంద ఇచ్చాడంటే రేపు బిలియర్డ్స్ కొట్లో ఇదే కథ. ఎల్లుండి కింది ఊళ్ళో. ఎవడో పిచ్చివాడు సంచి నిండా డబ్బు తెచ్చాడట అని. ఆ కథ పట్టుకుని వాళ్ళు ఇతని దగ్గరికి వస్తారు. ఆ తర్వాత మిగతా డబ్బెక్కడ అని మన దగ్గరికి వస్తారు.” ఊపిరి తీసుకుంది. “నాయనా, ముప్పై ఇవ్వు. ఒక్క పేసో ఎక్కువిచ్చినా నిన్ను నువ్వే పట్టించుకున్నట్టు.”

“ముప్పై అయిదు,” అన్నాడతను, ఆవిడ మీద జాలిపడి.

“ముప్పై,” అంది.

అమ్మేవాళ్ళు తగ్గించడం, కొనేవాడు పెంచడం, నా జన్మలో అలాంటి బేరం చూడలేదు. కానీ అది లోపలి బేరం. ఊరు వినాల్సిన బేరం ఇంకా ఉంది. లోయ అవతల ఎర్మీనియా కాఫీ కోస్తోంది. ఆవిడ చెవి ఎలాంటిదంటే మా ఇంట్లో చారు మరిగితే ఉప్పు చాల్లేదని అక్కడి నుంచి చెప్పేది. అప్పటిదాకా మేం వసారాలో గొంతు తగ్గించి మాట్లాడుకున్నా, ఒదిలియా రెండు అరుపులూ ఆమెకు చేరే ఉంటాయి. ముగింపు వినపడకపోతే ముగింపు ఆమే కల్పిస్తుంది.

ముగ్గురం వాకిట్లోకి వచ్చాం. ఏం చేయాలో ఒదిలియా అతనికి గుసగుసగా చెప్పింది. నేను గొంతెత్తి తొంభై అన్నాను.

“నేలను తిట్టు,” అంది ఒదిలియా పెదవులు కదపకుండా.

“ఇది... అంత మంచి నేల కాదేమో అండీ,” అన్నాడు.

“గట్టిగా.”

“ఇది మంచి నేల కాదు,” అని అరిచాడు. గొంతు చీలిపోయింది. తర్వాత లోపల ఏం తెగిందో, ఆపలేకపోయాడు. ఇది రాళ్ళు, ఇది బురద, దీని కోసం మనుషులు చచ్చిపోవాలా, ఆ కప్పం కట్టేసి ఉంటే పోయేది కదా, అని అరుస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. లోయ అవతల కోత ఆగిపోయింది. మా కొండలో నేలను అంత బాగా తిట్టినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

నేను ఎనభైకి, అరవైకి దిగాను. ఒదిలియా పుట్టింటికి పోతానంది, సగం ఊపిరితో. ముప్పై అని అతను గేటు వైపు నడిచాడు.

వెనక్కి పిలవాలి. నోరు తెరిచాను. పిలవకపోతే చాలు కదా అనిపించింది. అతను గేటు దాటితే అతనితో పాటు ఆ ట్రక్కు, ఆ సంచి, అతని వెనకాల వచ్చే మనుషులు, అంతా దాటిపోతారు. మేం మిగులుతాం, మా కొండ మీద, చల్లగాలిలో. అతను గేటు గడియ మీద చెయ్యి వేశాడు. వెనక్కి చూడలేదు. పిలుస్తారన్న నమ్మకం కూడా లేనట్టుంది అతనికి. ఒదిలియా నా చొక్కా పట్టుకుని నిలబడింది. లాగలేదు, ఊరికే పట్టుకుంది.

“సరే పోనీ, ముప్పైకి తీసుకో,” అని పిలిచాను.

మూడు వారాల తర్వాత, నోటరీ దగ్గర, అతని పేరు ఎక్కడా కనపడకుండా, అతని చెల్లెలి పేరున కాగితం రాయించి, మేం దిగువకు దిగిపోయాం.

ఇక్కడ గాలి వేడిగా, బరువుగా ఉంటుంది. ఒదిలియా గది నుంచి గదికి గోడ పట్టుకోకుండా నడుస్తుంది. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ళకు కోడిగుడ్ల కథ చెబుతుంటాను.

మొన్న ఎండవేళ ఒకతను మోటారు సైకిల్ ఆపి నీళ్ళడిగాడు. తాగి, గిన్నె తిరిగిచ్చి, పైన కొండ మీద చేను అమ్మింది మీరేనా అన్నాడు. అవునన్నాను. కొత్తవాళ్ళెవరైనా బాగా డబ్బు పెట్టి కొన్నారా అని తెలుసుకుంటున్నానన్నాడు. నవ్వుతూనే అడిగాడు. అతని చొక్కా కింద నడుము దగ్గర ఏదో ఎత్తుగా ఉంది. నేను దాని వైపు చూడకుండా ఉండటానికి అతని చెవి వైపు చూశాను.

“డబ్బా? ముప్పై ఇచ్చాడు నాయనా. నేలను బండబూతులు తిట్టి, మా ముసలిదాన్ని ఏడిపించి, చివరికి ముప్పై. ఎర్మీనియాను అడుగు, కొండంతా విన్నారు.”

“ముప్పైకే ఇచ్చేశావా తాతా,” అని అతను పెద్దగా నవ్వాడు. నన్ను దోచేశారన్నాడు. అవునవునన్నాను. ఆ బాధతోనే నిద్ర పట్టడం లేదన్నాను. అతను మోటారు సైకిల్ తిప్పుకుని, కొండ వైపు కాకుండా, వచ్చిన దారినే, నది వెంట వెళ్ళిపోయాడు.

లోపలి నుంచి ఒదిలియా ఎవరు వచ్చారని అడిగింది. నీళ్ళకు ఆగాడు అన్నాను. ఆవిడ గోడ పట్టుకోకుండా నడిచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంజన్ చప్పుడు వినపడినంతసేపూ ఇద్దరం దారి వైపు చూస్తూ ఉండిపోయాం.