పరదా గుడ్డతో కుట్టిన మొక్కు

సోమవారం అనీస్ స్కూలు నుంచి తెచ్చిన కాగితంలో ఆరు లైన్లున్నాయి. వాళ్ళమ్మ నుహాద్ వాటిని నాలుగుసార్లు చదివింది. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి కాబట్టి నిదానంగానే చదువుతుంది, కానీ నాలుగుసార్లు చదివింది అందుకు కాదు. బ్రేకుల గురించి ఎక్కడైనా రాశారేమోనని.

రాయలేదు. సిస్టర్ల స్కూలు బాస్కెట్‌బాల్ జట్టు ఫైనల్‌కి వచ్చింది, శనివారం పొద్దున పదింటికి సముద్రం ఒడ్డున జూనియెలో ఆట, ఏడున్నరకి బస్సు, తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేసి శుక్రవారం లోపు పంపాలి, సంతకం లేని పిల్లవాడు బస్సెక్కడు. అంతే.

"సంతకం పెట్టమ్మా," అన్నాడు అనీస్, చేతిలో పెన్నుతో సహా నిలబడి.

"బస్సు కనుమ మీదుగా వెళ్తుందా?"

"జహ్లె నుంచి జూనియెకి ఇంకెటు వెళ్తుంది? సముద్రం మీంచా?"

"సముద్రం ఊసెత్తకు."

దహర్ అల్ బైదర్ కనుమని నుహాద్ పుట్టి బుద్ధెరిగాక ఏడుసార్లు దాటింది, ఏడుసార్లూ కళ్ళు మూసుకునే. మే నెలలో కూడా అక్కడ మంచు దిగితే ముందున్న లారీ వెనకదీపం కనపడదని అందరూ అంటారు. ఆమె స్వయంగా చూసింది లేదు.

"అయినా నిన్ను ఆడించరు కదరా. బల్ల మీద కూర్చోడానికి అంత దూరం ఎందుకు?"

అది నిజమే. అనీస్ జట్టులో పన్నెండోవాడు, ఏడాదంతా బల్ల మీదే ఉన్నాడు. స్కూలు ఆటస్థలం పక్కనే మాత విగ్రహం పెట్టిన గుహ ఉంది. బంతి వెళ్ళి గుహకి తగిలితే, విసిరినవాడు మోకాళ్ళ మీద మూడు మంగళవార్త జపాలు చెప్పాలని అక్కడి రూలు. ఆ లెక్కన జట్టులో అందరికంటే భక్తి ఎక్కువున్నవాడు అనీసే.

"ఆడించకపోతే ఇంకా మంచిదేగా నీకు," అన్నాడు. "బల్ల మీద కూర్చున్నవాడికి ఏమవుతుంది?"

బల్ల మీంచి పడి చెయ్యి విరిగినవాళ్ళు నుహాద్‌కి ఇద్దరు తెలుసు. కానీ ఆమె ఆ సంగతి చెప్పలేదు. ఆమెకి అప్పుడే ఇంకొకటి గుర్తొచ్చి, కుర్చీలో కూర్చుండిపోయింది.

అనీస్‌కి నాలుగేళ్ళప్పుడు జ్వరం వచ్చి మూడు రోజులు కళ్ళు తెరవలేదు. ఆసుపత్రి వరండాలో నుహాద్ పునీతుడు మార్ అంటోనియోస్‌కి మొక్కుకుంది. బిడ్డ బతికితే వాడికి నెల రోజులు నీ గోధుమరంగు సన్యాసి అంగీ తొడుగుతానయ్యా, నడుముకి నీ తెల్లతాడు కడతానయ్యా అని. ఆ ఊళ్ళో ఏ తల్లయినా మొక్కేదే. బిడ్డ బతికాడు. అంగీ కుట్టించింది. తొడిగిన మొదటిరోజే పిల్లవాడు అంచు తొక్కి రెండు మెట్లు జారాడు. ఏం కాలేదు, నవ్వాడు కూడా. నుహాద్ మాత్రం అంగీ విప్పి పెట్టెలో పెట్టేసింది, కొంచెం పొడుగయ్యాక వేద్దామని. పొడుగయ్యేసరికి చలికాలం వచ్చింది. ఇంట్లో నూనె పొయ్యి, అంచు అంటుకుంటుందని భయం. వేసవిలో ఉయ్యాల, తాడు దేనికైనా చిక్కుకుంటుందని భయం. అలా పదకొండేళ్ళు గడిచాయి. పునీతుడు ఒక్కసారి కూడా అడగలేదు. అది ఆయన మంచితనం అనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు అర్థమైంది, ఆయన బస్సు కోసం ఆగాడని.

"అనీస్," అంది. "నువ్వు ఒక నెల అంగీ వేసుకోవాలి నాన్నా."

చెప్పింది. అనీస్ మొక్కు సంగతంతా విన్నాడు.

"స్కూలుకి కూడానా?"

"స్నానానికి తప్ప."

"నాకు పదిహేనేళ్ళమ్మా. మీసాలొస్తున్నాయి."

"ఆయనకీ మీసాలు ఉండేవేమో. ఎవరు చూశారు?"

"నాకోసం మొక్కేటప్పుడు నన్నొక మాట అడగొద్దా?"

"నీకు నలభై ఒకటి డిగ్రీల జ్వరం. నిన్నేమడగను?"

పెట్టెలోంచి పాత అంగీ తీస్తే అది వాడి ఒక చేతికి సరిపోయింది. కొత్తది కావాలి. గోధుమరంగు గుడ్డకి బజారంతా తిరగక్కర్లేకుండా ముందుగదిలో పరదా ఉంది. మంగళవారం పొద్దున దాన్ని కత్తిరించి, మధ్యాహ్నానికి కుట్టేసింది. సాయంత్రం ఆమె భర్త ఫారిస్ మంగలి షాపు మూసి ఇంటికొచ్చాడు. వీధిలో పోయేవాళ్ళంతా లోపలికి చూస్తున్నారు.

"ఉమ్ అనీస్, పరదా ఏది?" ఆ ఊళ్ళో భార్యని కొడుకు పేరుతోనే పిలుస్తారు, ఉమ్ అంటే తల్లి.

"మీవాడు వేసుకుంటాడు."

"సరే," అన్నాడు ఫారిస్. పప్పన్నం పెట్టించుకుని, వీధిలోవాళ్ళు చూస్తుండగా తిన్నాడు.

బుధవారం నుహాద్ స్కూలుకి వెళ్ళింది. ప్రిన్సిపాల్ మదర్ ఎవ్లీన్‌కి డెబ్భై ఏళ్ళు. మెడలో సిలువ పక్కనే ఈల వేలాడుతుంటుంది. మే నెల కాబట్టి పిల్లలంతా ఆవరణలో వరసగా నిలబడి జపమాల చెబుతున్నారు. వెనక వరసలో ఎవడో నవ్వాడు. మదర్ ఈల ఊదింది. మళ్ళీ జపం మొదలైంది. అది అయ్యాక నుహాద్‌ని ఆఫీసులో కూర్చోబెట్టింది.

"ఎప్పుడు మొక్కావు?"

"పదకొండేళ్ళయింది మదర్."

"ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

నుహాద్ మెట్లు, పొయ్యి, ఉయ్యాల అన్నీ వరసగా చెప్పింది. మదర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నియమాల పుస్తకం తీసి ఆమె ముందు పెట్టింది. టోపీలు కూడదు. ఉంగరాలు కూడదు. చిరుగుల జీన్సు కూడదు. జుట్టుకి రంగు కూడదు.

"సన్యాసుల అంగీ కూడదని ఎక్కడా రాయలేదు," అంది నుహాద్, రెండుసార్లు చదివి.

"పదిహేనేళ్ళవాణ్ణి అలా పంపే తల్లి ఉంటుందని ఈ పుస్తకం రాసినవాళ్ళకి తోచలేదమ్మాయ్."

"మీరూ వేసుకున్నారు కదా."

"నేను కావాలని వేసుకున్నాను. మా అమ్మ వద్దని వారం రోజులు ఏడ్చింది." మదర్ పుస్తకం మూసింది. "నీకు ఎనిమిదిలో సత్యోపదేశం పాఠం చెప్పింది నేనే. మొక్కుల గురించి ఏం చెప్పాను?"

"ఆ రోజు నేను రాలేదు మదర్."

"ఎందుకు రాలేదు?"

"గాలివాన. మా అమ్మ పంపలేదు."

మదర్ పుస్తకం పక్కకి జరిపింది.

"అయితే ఇప్పుడు విను. మొక్కు మొక్కినవాళ్ళదే. ఇంకొకరి వీపు తీసుకెళ్ళి పునీతుడికి మాటివ్వడానికి లేదు. తీర్చాల్సింది వాడు కాదు, నువ్వు."

"నేనా?"

"నువ్వే."

"నేను వేసుకుంటే మెట్ల మీద..."

"కురచగా కుట్టుకో."

నుహాద్‌కి ఒక పక్క గుండె తేలికైంది. మరో పక్క కొత్త భయం పట్టుకుంది. అంగీ తన ఒంటి మీద ఉంటే, కొడుకు బస్సులో ఉంటే, పునీతుడు ఎటు చూస్తాడు? ఆ మాటే అడిగింది.

"పిల్లలతో వెళ్ళాల్సిన సిస్టర్ తెరేజ్‌కి పన్ను పీకారు," అంది మదర్. "నువ్వెళ్ళు. పదిహేనుమందికి రొట్టెలు కట్టుకెళ్ళు. శుక్రవారం సంతకం మర్చిపోకు."

ఆ సాయంత్రం అనీస్‌కి సంగతంతా చెప్పింది. "నేనే వేసుకుంటాలే," అన్నాడు వాడు.

"కుదరదు. మదర్ నాదన్నారు."

"ఫైనల్‌కి, మొత్తం జట్టు ముందు, మా అమ్మ పరదా కట్టుకుని వస్తుంది."

"పరదా అని ఎవరికి తెలుసు?"

"మన వీధిలో అందరికీ తెలుసు. మా జట్టులో సెంటర్ ఆడే రబీ మన ఎదురింట్లోనే ఉంటాడు. పొద్దున్నే స్కూల్లో అడిగాడు, మీ నాన్న రోజూ వీధికి చూపించే భోంచేస్తాడా అని."

నుహాద్ కాగితం బల్ల మీద పెట్టింది. పెన్ను దాని మీద పెట్టింది. ఎన్నడూ లేనిది, నిర్ణయం కొడుక్కి వదిలేసింది. అనీస్ పెన్ను వంక, అంగీ వంక మార్చి మార్చి చూశాడు.

"షరతు," అన్నాడు. "బస్సెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. డ్రైవరుకి బ్రేకుల గురించి చెప్పకూడదు. మాస్టారికి నా జ్వరం గురించి చెప్పకూడదు. నాకు మఫ్లర్ ఇవ్వకూడదు."

"మంచు పడితే?"

"అప్పుడు కూడా."

నుహాద్ సంతకం చేసింది. అక్షరాలు నిదానంగా వచ్చాయి కానీ అన్నీ వచ్చాయి.

శనివారం ఏడుంబావుకే ఆమె స్కూలు గేటు దగ్గరుంది. అంగీ అంచు ఒక జానెడు ఎత్తి కుట్టి, ఎందుకైనా మంచిదని ఇంకో జానెడు ఎత్తింది. కింద నీలం రంగు కేన్వాస్ బూట్లు కనపడుతున్నాయి. చలిగాలికి తలకి తెల్ల గుడ్డ కట్టుకుంది. నడుముకి మూడు ముళ్ళ తాడు. రెండు చేతుల్లో రొట్టెల సంచులు. జట్టంతా చూసింది. రబీ టోపీ తీసి, "ఫాదర్ నుహాద్, దీవించండి," అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. షరతు అప్పటికింకా మొదలు కాలేదు, అయినా ముందునుంచే అలవాటు చేసుకుంటోంది.

డ్రైవరు పేరు నఖ్లె. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో సిగరెట్టు, మిగిలినదాంతో బస్సు నడుపుతాడని పిల్లలంటారు. నుహాద్ వచ్చి ముందు సీట్లో కూర్చోగానే అద్దంలోంచి చూశాడు.

"ఏ మఠం సిస్టర్ మీది?"

నుహాద్ కొడుకు వంక చూసింది. అనీస్ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఆమె తల వంచి చేతులు జోడించుకుంది.

"ఓ," అన్నాడు నఖ్లె. "మౌనవ్రతమా." సిగరెట్టు కిటికీలోంచి పారేశాడు. ఫోను మోగితే చూడకుండానే నొక్కేసి జేబులో పెట్టుకున్నాడు. పాటలు ఆపేశాడు.

అక్కణ్ణుంచి ఆ బస్సు నడిచినట్టు ఆ రోడ్డు మీద ఏ బస్సూ నడవలేదు. ప్రతి మలుపుకీ హారన్ కొట్టాడు. ఏ ఒక్క బండినీ దాటలేదు. కనుమ ఎక్కేటప్పుడు టొమాటోల లారీ వెనక చేరి, దిగేదాకా దాని వెనకే ఉన్నాడు. ఆ రోజు మంచు లేదు, ఎండ కాస్తోంది. లారీ డ్రైవరే చేయి బయటపెట్టి ముందుకి పొమ్మని రెండుసార్లు ఊపాడు. నఖ్లె వినయంగా వద్దన్నాడు.

వెనక సీట్లో పీటీ మాస్టారికి విషయం తెలుసు. కానీ ఈ మనిషి ఫోను లేకుండా బండి నడపడం ఇరవై ఏళ్ళలో మొదటిసారి చూస్తున్నాడు కాబట్టి నోరు విప్పలేదు. తొమ్మిదింబావుకి గడియారం చూశాడు. తొమ్మిదిన్నరకి లేచి ముందుకొచ్చాడు.

"నఖ్లె, కాస్త తొక్కవయ్యా. ఆట పదింటికి."

"బండిలో సన్యాసిని ఉండగానా మాస్టారూ?" అన్నాడు నఖ్లె గొంతు తగ్గించి. "నాకూ పిల్లలున్నారు."

నుహాద్ జీవితంలో మొదటిసారి ఆ కనుమని కళ్ళు తెరిచి దాటింది. లోయలో ఇళ్ళున్నాయి, చెట్లున్నాయి. ఎవరో బట్టలు ఆరేసుకున్నారు. అక్కడ కూడా మనుషులు బతుకుతున్నారని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

బస్సు పది దాటి పద్నాలుగు నిమిషాలకి జూనియె చేరింది. పదిహేను నిమిషాల కంటే ఆగేది లేదని రిఫరీ అప్పటికే ఫోనులో మదర్‌కి చెప్పేశాడట. పిల్లలు బూట్లు చేత్తో పట్టుకుని పరిగెత్తారు. రబీ మాత్రం పరిగెత్తలేదు. రెండున్నర గంటలసేపు అంత మెల్లగా మలుపులు తిరిగేసరికి వాడికి కడుపులో తిప్పి, గోడ వారగా వంగి నిలబడ్డాడు. ఇంకో ఇద్దరి పరిస్థితీ అంతే.

కాబట్టి చివరి నాలుగు నిమిషాలు అనీస్ ఆడాడు.

అప్పటికే జట్టు పంతొమ్మిది పాయింట్లు వెనకబడి ఉంది. వాడు రెండుసార్లు పడ్డాడు. మొదటిసారి పడ్డప్పుడు నుహాద్ చెయ్యి అంగీ జేబులోకి పోయింది. పునీతుడి అంగీకి జేబులుండవు, ఆమె కుట్టుకున్నదానికి నాలుగున్నాయి. అందులో బ్యాండేజీ, దూది, అయోడిన్, మఫ్లర్. బయటికి తీయలేదు. రెండోసారి ఎవడో తోశాడు, అనీస్‌కి రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు. నుహాద్ కళ్ళు మూసుకుంది. చుట్టూ కేకలు వినపడి కళ్ళు తెరిచేసరికి మొదటిది బుట్టలో పడిపోయింది. తెరిచి చూసింది కాబట్టి రెండోది పడలేదు.

ఇరవై పాయింట్ల తేడాతో ఓడిపోయారు. బస్సులో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. రొట్టెలు తిన్నారు. అనీస్ ఒక్కడే కిటికీ దగ్గర కూర్చుని, తన కుడిచెయ్యి ఎవరో అరువిచ్చినట్టు దానివంకే చూసుకుంటున్నాడు.

తిరుగుదారిలో, కనుమ మీద, మంచు దిగింది. అందరూ చెప్పినట్టే, ముందు వెళ్తున్న లారీ వెనకదీపం మాయమైపోయింది. నుహాద్ నోరు తెరవకుండానే మార్ అంటోనియోస్‌ని తలుచుకుంది. నా బిడ్డ క్షేమంగా ఇల్లు చేరితే వాడు, అని మొదలుపెట్టి, అక్కడ ఆగిపోయింది. వాడు ఏం చేస్తాడో వాణ్ణి అడగలేదు. అడుగుదామంటే మాట్లాడకూడదు. రెండు మలుపులు దాటేదాకా ఆలోచించి, వాడు అనేదాన్ని నేను అని మార్చుకుంది.

నెల రోజులూ అంగీ వేసుకుంది. బజారుకి అందులోనే వెళ్ళింది, ఫారిస్ షాపుకి భోజనం అందులోనే తీసుకెళ్ళింది. రెండుమూడు రోజులు జనం నవ్వారు, తర్వాత బస్సుల్లో ఆమెకి సీటిచ్చారు. ముప్ఫై ఒకటో రోజున విప్పి, ఉతికి, కత్తిరించి మళ్ళీ పరదా కుట్టింది. ఒక జానెడు తక్కువైంది. కింద నుంచి ఫారిస్ కాళ్ళు మాత్రమే వీధికి కనపడుతున్నాయి.

ఆ రోజు పొద్దున అనీస్ వంటింట్లోకి వచ్చాడు. తల్లి ముందు సేజ్ అనే చేదాకు ఉడికించిన నీళ్ళున్నాయి. నెల రోజులుగా కాఫీ గిన్నెలో నాన్నకి సరిపడా మాత్రమే ఉంటోందని వాడు గమనించాడు.

"అమ్మా. ఈసారి ఎన్నాళ్ళు?"

"ఏంటి ఎన్నాళ్ళు?"

"కాఫీ మానడం."

నుహాద్ ఆ నీళ్ళు ఒక గుక్క తాగింది. మొహం పెట్టింది.

"నువ్వు ఈ స్కూలు దాటేదాకా."

"రెండేళ్ళా?"

"నువ్వు కారు నేర్చుకోనని మాటిస్తే ఒక ఏడాది తగ్గించమని పునీతుణ్ణి అడుగుతా," అంది. "నిన్నడక్కుండా మాత్రం ఆయనకి చెప్పనులే."